చెట్టు కొట్టలేదు సరే, రుజువు చూపగలరా?

మీ పంట కొనడానికి ఒక ఎగుమతి వ్యాపారి వచ్చాడనుకోండి. సరుకు నచ్చింది, ధర కుదిరింది. ఇక లారీ ఎక్కించడమే అనుకుంటుండగా ఒక మాట అడిగాడు: "ఈ గింజ ఏ చెలకలో పండింది? 2020 డిసెంబరు 31 తర్వాత అక్కడ అడవి కొట్టలేదని ఎలా నమ్మాలి?" మీరేం చూపిస్తారు? పట్టాదారు పాసుపుస్తకమా? అందులో మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. అతనికి కావలసింది అక్షాంశం, రేఖాంశం, అవి కూడా దశాంశ బిందువు తర్వాత ఆరంకెల వరకు. మీరు ఒక్క చెట్టూ నరకలేదు, ఊరంతా సాక్ష్యం చెబుతుంది. అయినా లారీ ఖాళీగా వెనక్కి పోతుంది. తప్పు చేయకుండానే నష్టపోయే ఈ పరిస్థితి నుంచి ఎలా బయటపడాలన్నదే ఈ అధ్యాయం.

ఇలా అడగమంటున్నది ఐరోపా యూనియన్ 2023లో చేసిన అటవీ నిర్మూలన నిరోధక చట్టం. పశువులు, కోకో, కాఫీ, ఆయిల్‌పామ్, రబ్బరు, సోయా, కలప అనే ఏడు సరుకులకు, వాటి నుంచి తయారయ్యే చాక్లెట్, టైరు, కాగితం వంటి చాలా వస్తువులకు అది వర్తిస్తుంది. సరుకు ఐరోపా మార్కెట్లో అడుగుపెట్టాలంటే మూడు షరతులు. 2020 చివరి తర్వాత అడవి కొట్టిన నేలలో పండి ఉండకూడదు. పండిన దేశపు చట్టాల ప్రకారమే పండి ఉండాలి. ఈ రెండింటికీ దిగుమతిదారు ముందుగానే ఒక హామీ పత్రం దాఖలు చేయాలి, అందులో ప్రతి తోట ఉన్న చోటు అంకెల్లో ఉండాలి. అమలు తేదీ రెండుసార్లు వాయిదా పడింది. 2025 డిసెంబరులో మార్చిన ప్రకారం పెద్ద, మధ్యతరహా సంస్థలకు 2026 డిసెంబరు 30 నుంచి, చిన్న సంస్థలకు 2027 జూన్ 30 నుంచి ఇది వర్తిస్తుంది.

ఈ చట్టంలో రైతుకు శిక్ష లేదు, ఒక్క రూపాయి జరిమానా కూడా లేదు. మరి దెబ్బ రైతుకెలా తగులుతుంది? జరిమానా పడేది దిగుమతి చేసుకునే కంపెనీకి. ఆ కంపెనీ ఐరోపాలో ఏడాదికి చేసే వ్యాపారంలో 4 శాతం దాకా, అవసరమైతే ఇంకా ఎక్కువ వేసేలా సభ్యదేశాలు జరిమానాలు పెట్టుకోవాలని చట్టం చెబుతోంది. అంత భయం ఉన్న కంపెనీ ఏం చేస్తుంది? ఎవరి తోటను తనిఖీ చేయడం సులువో వారి దగ్గరే కొంటుంది. ఒకే యజమాని కింద 500 ఎకరాలున్న ఎస్టేటును ఒక్క పటంతో తేల్చుకోవచ్చు. అదే 500 ఎకరాలు 300 మంది చిన్న రైతుల చేతిలో ఉంటే 300 గుర్తులు, 300 కాగితాలు కావాలి. కంపెనీ ఏ వైపు మొగ్గుతుందో మీకు తెలియంది కాదు. 2023 చివరికల్లా కొన్ని ఐరోపా సంస్థలు ఇథియోపియా చిన్న రైతుల కాఫీ కొనడం తగ్గిస్తున్నాయని వార్తలు వచ్చాయి. అప్పటికి చట్టం ఇంకా వర్తించనే లేదు. అడవి కొట్టారని ఆ రైతుల మీద ఎవరూ నేరం మోపలేదు, వారి తోటలను లెక్కగట్టడం ఖర్చుతో కూడిన పని అయింది, అంతే. కాబట్టి మీ లక్ష్యం ఒక్కటే: మిమ్మల్ని తనిఖీ చేయడం కొనేవాడికి తేలిక చేయండి. కింద చెప్పే అడుగులన్నీ ఆ ఒక్క లక్ష్యం వైపే.

తెలుగునాట ఈ పరీక్ష నేరుగా ఎదుర్కొంటున్నది అల్లూరి సీతారామరాజు జిల్లా కాఫీ. పాడేరు, అరకు, అనంతగిరి, చింతపల్లి, గూడెం కొత్తవీధి మన్యం కొండల్లో రెండు లక్షలకు పైగా ఎకరాల్లో, దాదాపు ప్రతి కుటుంబానికీ ఎకరమో రెండెకరాలో చొప్పున గిరిజనులు కాఫీ పండిస్తున్నారు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకే మిరియాల తీగ. పోడు కోసం కొండ కొట్టే అవసరం తగ్గించడానికే పాడేరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఈ పంటను ప్రోత్సహించింది. గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణమే తెరుచుకుంది, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే చెట్టును నిలబెట్టిన పంట ఇది. అడవిని కాపాడటమే ఈ చట్టం ఉద్దేశమైతే అందరికంటే ముందు గెలవాల్సింది ఈ రైతులే. కానీ రుజువు అడిగే చోట, మంచితనం ఉన్నా కాగితం లేనివాడు ఓడిపోతాడు. ఆ ఓటమి తప్పనిసరి కాదని నా గట్టి నమ్మకం. ఎందుకో అడుగడుగునా చూద్దాం.

1. ముందు మీ పంట జాబితాలో ఉందో లేదో చూసుకోండి

వేములపల్లిలో సాగర్ ఎడమ కాల్వ కింద వడ్లు పండించే రైతుకు ఈ ఏడు సరుకుల జాబితాతో నేరుగా పని లేదు. వరి అందులో లేదు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం ఏ దేశం పోయినా ఈ చట్టం దాన్ని ఆపదు. పక్కనే కోదాడ దాటి ఖమ్మం వైపు వెళ్తే మాత్రం లెక్క మారుతుంది. జామాయిల్, సుబాబుల్ వేసి కాగితపు మిల్లుకు కర్ర అమ్మే రైతు కలప జాబితాలోకి వస్తాడు, ఎందుకంటే ఆ కర్ర గుజ్జయి, అట్టయి ఐరోపా చేరవచ్చు. అయితే దశాబ్దాలుగా దున్నిన పట్టా భూమిలో వేసిన జామాయిల్ తోట అడవి కొట్టినట్టు కానే కాదు. ఆ సంగతి చూపగలిగితే చాలు.

"వరి లేదన్నారుగా, ఇక మాకెందుకు?" అని ఈ పుస్తకం మూసేయబోతున్నారా? ఒక్క నిమిషం. అగ్గి తెగులుకు మన రైతులు కొట్టే ట్రైసైక్లజోల్ మందు తెలుసు కదా? బియ్యంలో దాని అవశేషం కిలోకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చన్న ఐరోపా యూనియన్, 2017 చివరికల్లా ఆ పరిమితిని 0.01 మిల్లీగ్రాముకు దించింది. నూరో వంతు! పంజాబు, హర్యానా బాస్మతి రైతులు ఒక్కసారిగా ఇరుకున పడ్డారు, ఐరోపా మార్కెట్లో పాకిస్తాన్ బాస్మతికి దారి పరుచుకుంది. ఏ మందు, ఏ తేదీన, ఏ మడిలో కొట్టారో రాసిపెట్టుకున్న రైతు సంఘాలకు ఆ రోజు చెప్పుకోవడానికి ఒక మాట ఉంది. ఈసారి అడిగింది అడవి గురించి, అప్పుడు అడిగింది మందు గురించి. మళ్లీ నీటి గురించో, గడ్డి తగలబెట్టడం గురించో అడగవచ్చు. ప్రశ్న మారుతుంది కానీ కావలసిన అలవాటు ఒక్కటే, మడికొక చరిత్ర రాసి ఉంచడం. అందుకే అరకు రైతు పాఠం వేములపల్లి రైతుకు ముందస్తు శిక్షణ.

2. తోట గుర్తు మీరే తీసుకోండి, మీ దగ్గరే ఉంచుకోండి

నాలుగు హెక్టార్లు, అంటే దాదాపు పదెకరాలు దాటిన తోటకు హద్దుల చుట్టూ పటం గీయాలి. అంతకు లోపు తోటకు ఒకే ఒక్క బిందువు చాలు. మన్యంలో ఎకరం, రెండెకరాల కాఫీ రైతుకు కావలసింది ఆ ఒక్క బిందువే. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఊరి కుర్రాడు ఒకరోజులో చాలా తోటలు తిరిగి తీయగలిగిన పని ఇది. భయపడాల్సిన విషయం కాదు.

భయపడాల్సింది తప్పుల విషయంలో. అన్నిటికంటే ఎక్కువగా జరగగలిగే తప్పు ఏమిటో ఊహించగలరా? కొండ ఎక్కడం ఎందుకని, నమోదుకు వచ్చిన మనిషి ఊరి రచ్చబండ దగ్గరే కూర్చుని అందరి వివరాలూ ఎక్కిస్తాడు. నలభై మంది రైతుల తోటలూ ఒకే చోట, ఇళ్ల మధ్యన పడతాయి. ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చేవాడికి అక్కడ కాఫీ కనిపించదు, పెంకుటిళ్లు కనిపిస్తాయి. ఆ నలభై మందిలో ఒక్కరి మాట కూడా ఇక నమ్మరు. రెండో తప్పు, మూడు చోట్ల మూడు ముక్కలున్న రైతు ఒక్క ముక్కకే గుర్తు తీయించుకోవడం. మిగిలిన రెండు ముక్కల పంట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేక, ఎకరానికి పండలేనంత దిగుబడి ఒకే తోట పేర కనిపిస్తుంది. మూడో తప్పు సాంకేతికం. దట్టమైన నీడలో ఫోను సిగ్నల్ అటూ ఇటూ ఊగుతుంది. తోట మధ్యలో, ఆకాశం కాస్త కనిపించే చోట నిలబడి, అంకెలు కుదురుకునే దాకా ఆగి, రెండు మూడు సార్లు తీసి సరిచూసుకోవాలి. ఆరు దశాంశాలూ రాసుకోవాలి. నాలుగుతో ఆపేస్తే చట్టం ఒప్పుకోదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ గుర్తు ఎవరి దగ్గర ఉండాలి? కాఫీ బోర్డు తోటల నమోదుకు మొబైల్ యాప్ పెట్టింది, అందులో నమోదు చేయించుకోండి. ప్రైవేటు ఎగుమతిదారు తన ఖర్చుతో కొలుస్తానంటే అదీ కానివ్వండి. కానీ ఒక ప్రతి మీ చేతిలో, మరొకటి మీ సంఘం రిజిస్టరులో ఉండాలి. లేకపోతే ఏమవుతుంది? మీ తోట వివరాలు ఒక్క వ్యాపారి కంప్యూటర్లోనే ఉంటే, వచ్చే ఏడు మరో వ్యాపారి ఎక్కువ ధర ఇస్తానన్నా అతనికి చూపడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. అప్పు కింద పంట తాకట్టు పెట్టినట్టే అవుతుంది.

3. నేల చరిత్రను కాగితంతో నిలబెట్టండి

చాలా మంది గమనించని బలం మన్యం రైతు పెట్టెలోనే ఉంది. అదే అటవీ హక్కుల పట్టా. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉంటేనే గిరిజనుడికి ఆ పట్టా ఇవ్వాలి. ఐరోపా పెట్టిన గడువు 2020 డిసెంబరు 31. అంటే, మీ నేల ఆ గడువుకు పదిహేనేళ్ల ముందే సాగులో ఉందని మన ప్రభుత్వమే సంతకం పెట్టి ఇచ్చినట్టు. పైగా వ్యక్తిగత పట్టాకు అటవీ హక్కుల చట్టం పెట్టిన పరిమితి నాలుగు హెక్టార్లు, ఐరోపా ఒక్క బిందువుతో సరిపెట్టుకునే పరిమితి కూడా నాలుగు హెక్టార్లే. రెండు చట్టాల మధ్య ఎవరూ కావాలని కుదర్చని ఈ పొందిక మన రైతుకు కలిసొచ్చింది. పండిన దేశపు చట్టాల ప్రకారమే పండాలన్న రెండో షరతులో నేల మీద హక్కు కూడా ఒక భాగం, దానికీ ఈ పట్టాయే సమాధానం.

"కానీ ఆ భూమి రికార్డుల్లో అటవీ భూమే కదా, మరి ఐరోపా వాళ్లు అడవిలో పంట అంటారేమో?" మంచి సందేహం. ఐరోపా చట్టం చూసేది రికార్డులో రాసిన పేరును కాదు, నేల వాడకాన్ని. చెట్ల నీడలో పంట వేసే వ్యవసాయాన్ని అది సాగుభూమిగానే లెక్కిస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, పైనుంచి చూసే ఉపగ్రహానికి సిల్వర్ ఓక్ తోపు, సహజమైన అడవి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. ఐరోపా వాళ్లు తయారు చేయించిన 2020 నాటి అడవుల పటంలో నీడ తోటలు అడవిగా పడే అవకాశం ఉంది. ఆ పటమే తుది తీర్పు కాదని వాళ్లే చెబుతున్నారు. దాన్ని తిప్పికొట్టాల్సింది మీ పట్టా, 2020కి ముందు కాఫీ మొక్కలు ఇచ్చినట్టు ఐటీడీఏ రికార్డు, పాత కొనుగోలు రసీదు. ఆ రసీదులు పారేస్తున్నారా? ఇకమీదట పారేయకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా. కొత్తగా కాఫీ వేయదలిస్తే ఎప్పటి నుంచో పోడు చేస్తున్న వాలులో వేయండి. సహజమైన అడవి కింద పొదలు కొట్టి మొక్కలు నాటితే నిజంగానే ఐరోపా చట్టానికి చిక్కే ప్రమాదం ఉంది. మీ ఒక్కరితో పోదు, మీ సంఘం సరుకంతా పోతుంది.

4. చెట్టు పడిన రోజే రాసిపెట్టండి

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను మన్యంలో నీడ చెట్లను భారీగా పడగొట్టింది. అలాంటి గాలి మళ్లీ వస్తే, ఉపగ్రహ చిత్రంలో ఒక పచ్చని ముక్క ఒక్కసారిగా బోడిగా మారుతుంది. ఎవరు పడగొట్టారో అది చెప్పదు. అలాగే ముదిరిన సిల్వర్ ఓక్‌ను కలపకు అమ్మినప్పుడు, పురుగు తొలిచిన కాఫీ మొక్కలు పీకి కొత్తవి నాటినప్పుడు కూడా. తేదీతో రెండు ఫోటోలు, సంఘం రిజిస్టరులో రెండు వాక్యాలు, కలప అమ్మితే అనుమతి కాగితం నకలు చాలు.

5. బస్తాలు కలపకండి

ఈ చట్టంలో అన్నిటికంటే కఠినమైన నిబంధన ఇదే. చాలా మంది దీన్ని చివరికి గానీ తెలుసుకోరు. ఒక లోడులో తొంభై తొమ్మిది బస్తాలు తెలిసిన తోటలవై, ఒక్క బస్తా ఎక్కడిదో తెలియకపోతే ఆ బస్తాను వేరుచేయాలి. వేరుచేయలేకపోతే లోడు మొత్తం ఆగిపోతుంది. మన దగ్గర సరుకు ఎలా కదులుతుందో ఆలోచించండి. వారపు సంతలో షావుకారు పది ఊళ్ల పార్చ్‌మెంట్ (పైపొర తీయని) కాఫీని ఒకే కుప్ప పోస్తాడు. ఆ క్షణంలో మీరు తీసుకున్న గుర్తు, దాచిన పట్టా, రాసిన రిజిస్టరు అన్నీ వృథా అవుతాయి. కాబట్టి సంఘంగా అమ్మండి. పల్పింగ్ యూనిట్ దగ్గరే బస్తాకు రైతు నంబరు, తోట నంబరు, తూకం, తేదీ రాసిన చీటీ కట్టండి. గుర్తు తీసిన తోటల సరుకు ఒక వరసలో, తీయనివి మరో వరసలో. సంతలో వెంటనే డబ్బు చేతికొస్తుందనే తొందర అర్థమయ్యేదే, ఇంట్లో అవసరం అలాంటిది. అందుకే సంఘం ముందుగా కొంత అడ్వాన్సు ఇచ్చే ఏర్పాటు చేసుకోకపోతే ఈ ఐదో అడుగు మాటలకే పరిమితమవుతుంది.

6. "మనకు మినహాయింపు ఉంది" అనే మాట నమ్మకండి

2025 మేలో ఐరోపా కమిషన్ దేశాలను మూడు వర్గాలుగా విడదీసి భారతదేశాన్ని తక్కువ ప్రమాదం ఉన్న వర్గంలో పెట్టింది. ఇది శుభవార్తే. బ్రెజిల్, ఇండోనేషియా మధ్య వర్గంలో ఉన్నాయి. మన సరుకు తెచ్చే దిగుమతిదారుల్లో ఏటా 1 శాతాన్ని తనిఖీ చేస్తే చాలు, ఆ రెండు దేశాల విషయంలో అది 3 శాతం. దిగుమతిదారు మన సరుకు మీద ప్రమాద అంచనా నివేదిక రాయనక్కరలేదు. అయితే తోట గుర్తు ఇవ్వడం మాత్రం తప్పదు. సేంద్రియ ధ్రువపత్రమో, భౌగోళిక గుర్తింపో ఉంది కదా అనుకోవడమూ ఇలాంటిదే. మొదటిది రసాయనాల సంగతి, రెండోది ప్రాంతం సంగతి. 2020 తర్వాత ఫలానా తోటలో ఏం జరిగిందో రెండూ చెప్పవు.

"రెండుసార్లు వాయిదా వేసినవాళ్లు మూడోసారి వేయరా?" వేయవచ్చు. కానీ లెక్క చూడండి. మన్యంలో కాఫీ పండు కోత నవంబరులో ఊపందుకుంటుంది. 2026 నవంబరులో కోసిన పండు పార్చ్‌మెంటై, గింజై, ఓడెక్కి ఐరోపా రేవు చేరేసరికి 2027 వస్తుంది. కొనేవాడు వాయిదా మీద పందెం కాయడు, అందుకే ఇప్పటి నుంచే వివరాలు అడుగుతాడు.

"అయినా వాళ్ల అడవులు వాళ్లు ఎప్పుడో నరుక్కుని, ఇప్పుడు మనకు నీతులా?" ఈ కోపంలో న్యాయం ఉంది. 1990 నుంచి 2020 వరకు ప్రపంచం 42 కోట్ల హెక్టార్ల అడవిని పోగొట్టుకుందని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా. అందులో ఐరోపా వినియోగం వాటా తక్కువేమీ కాదని వాళ్ల చట్టమే ఒప్పుకుంది. అడవి పోవడంలో కొనేవాడికి భాగం ఉన్నప్పుడు, రుజువు ఖర్చంతా పండించేవాడి నెత్తిన ఎందుకు? ప్రపంచ వాణిజ్య సంస్థలో మన ప్రభుత్వం పోరాడాల్సిన విషయమే ఇది, పోరాడాలి కూడా. కానీ ఆ వాదన తేలే లోపు ఈ ఏటి పంట గోదాములో ఉండలేదు. వేరే దేశాలకు అమ్ముకుందామంటారా? అమ్మండి, దేశంలోనూ అమ్మండి. అయితే భారత కాఫీలో అత్యధిక భాగం ఎగుమతే, అందులో అతిపెద్ద కొనుగోలుదారు ఐరోపా. ఆ వాకిలి మూసుకున్న రైతు మిగిలిన వాకిళ్లలో బేరమాడే బలం కోల్పోతాడు.

7. రుజువుకు ధర అడగండి

చాలా సంఘాలు ఆరు అడుగులూ వేసి ఇక్కడ ఆగిపోతాయి. కొండ ఎక్కి గుర్తులు తీసిన కుర్రాడి కూలి, రిజిస్టరు రాసే మనిషి జీతం, సంచుల చీటీలు, వేరు వరసలో నిల్వ, ఇవన్నీ ఖర్చులే. ఈ ఖర్చు వల్ల లాభపడేది ఎవరు? 4 శాతం జరిమానా తప్పించుకున్న కంపెనీ. మరి దాని వాటా అది ఇవ్వొద్దా? బేరానికి కూర్చునే ముందు కిలోకు ఈ పని ఎంత పడిందో లెక్క కట్టి కాగితం మీద పెట్టుకోండి. సరుకు నాణ్యత ధర వేరు, వివరాల ధర వేరు అని ఒప్పందంలో రెండు వరసలుగా రాయించండి. వివరాలను ఆ లోడుకే వాడాలని, మరొకరికి అమ్మకూడదని ఒక షరతు పెట్టించండి. దిగుమతిదారు ఈ రికార్డులు ఐదేళ్లు భద్రపరచాలి, కాబట్టి ఈ ఏడు మీరిచ్చిన అంకెలు చాలా కాలం ఒకరి పెట్టెలో ఉంటాయి. మొదటి ఏడు వ్యాపారి ఒప్పుకోకపోవచ్చు. రెండో వ్యాపారిని పిలవండి. మీ గుర్తులు మీ రిజిస్టరులోనే ఉన్నాయి కాబట్టి పిలవగలరు.